ఓదనపాణినీయులు, ఆకాశం చూపే వైయాకరణులు: ప్రాచీన పండితుల మారుపేర్లు

అర్థశాస్త్రం మొదటి అధికరణం ఎనిమిదో అధ్యాయంలో అమాత్యులను ఎలా ఎంచుకోవాలన్న చర్చ ఉంది. తనతో చదువుకున్నవాళ్లను పెట్టుకోవాలంటాడు భారద్వాజుడు. కలిసి ఆడుకున్నవాళ్లు రాజును లెక్కచెయ్యరు, వద్దంటాడు విశాలాక్షుడు. తర్వాత పరాశర మతం వాళ్లు, పిశునుడు, కౌణపదంతుడు, వాతవ్యాధి, బాహుదంతీపుత్రుడు వరసగా వచ్చి ఒకరి మాటను ఒకరు కొట్టేస్తారు. చివరికి కౌటిల్యుడు తీర్పు చెబుతాడు.

వాదన సంగతి పక్కనపెట్టి పేర్లు మాత్రమే చదివితే వింతగా ఉంటుంది. పిశునుడంటే చాడీకోరు. కుణపం అంటే శవం, కౌణపుడు దాన్ని తినే రాక్షసుడు. ఆ కోరలు ఉన్నవాడు కౌణపదంతుడు. వాతవ్యాధి అంటే అచ్చంగా వాతరోగమే. రాజనీతిలో ప్రమాణమైన ఆచార్యులకు ఇవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లని నమ్మడం కష్టం. తర్వాతి వాళ్లకూ ఇది మింగుడుపడలేదు. అందుకే పిశునుడు నారదుడనీ, కౌణపదంతుడు భీష్ముడనీ, వాతవ్యాధి ఉద్ధవుడనీ సర్దిచెప్పారు. విశాలాక్షుడు శివుడన్న మాటకు మాత్రం పాత ఆధారం ఉంది. బ్రహ్మ లక్ష అధ్యాయాల్లో చెప్పిన దండనీతిని విశాలాక్షుడైన శివుడు 10,000 అధ్యాయాలకు కుదించాడనీ, ఇంద్రుడు 5,000 అధ్యాయాలకు తగ్గించగా దానికి బాహుదంతకమని పేరొచ్చిందనీ మహాభారతం శాంతిపర్వం చెబుతుంది. మిగతా సర్దుబాట్లకు అంత బలం లేదు. చాడీకోరు అనిపించుకున్న ఒక మామూలు మనిషి, వాతంతో బాధపడిన మరో మామూలు మనిషి ఆ పేర్ల వెనక ఉండి ఉండవచ్చు.

అసలు పండితులకు మారుపేర్లు ఎందుకు అవసరపడ్డాయి? గౌరవం, ఎగతాళి రెండూ తర్వాతి సంగతి. మొదటి కారణం గోత్రనామాల గందరగోళం.

ప్రాచీన గ్రంథాల్లో ఆచార్యుడి సొంత పేరు కనిపించేది తక్కువ. కనిపించేది ఎక్కువగా గోత్రాన్నో వంశాన్నో చెప్పే తద్ధితాంతం, అంటే నామవాచకానికి ప్రత్యయం చేరి పుట్టిన పదం. వత్సుడి వంశంలో పుట్టినవాడు వాత్స్యుడు. ఆ వాత్స్యుడి నుంచి మళ్లీ ప్రత్యయం చేరితే వాత్స్యాయనుడు. కాత్యాయనుడు, చారాయణుడు, బాదరాయణుడు అన్నీ ఇదే అచ్చు. వంశంలో పెద్దవాడు బతికి ఉండగా చిన్నవాణ్ని చెప్పే రూపాన్ని పాణిని వ్యాకరణంలో 'యువ' సంజ్ఞతో పిలుస్తారు. శాస్త్రం ప్రకారం గార్గ్యుడు పెద్ద, గార్గ్యాయణుడు చిన్న. కానీ వాడుక తలకిందులు కూడా అయ్యేది. పెద్దవాణ్ని గౌరవించాలంటే చిన్నవాడి రూపంతో 'తత్రభవాన్ గార్గ్యాయణః' అనేవారు. కుర్రవాణ్ని తిట్టాలంటే పెద్దవాడి రూపంతో 'గార్గ్యో జాల్మః' అనేవారు. పాణిని సూత్రగ్రంథం అష్టాధ్యాయిలో 4.1.166, 4.1.167 స్థానాల్లో ఈ రెండూ నియమాలుగా ఉన్నాయి. నిజానికి ఇవి వార్తికాలు (సూత్రాలను సవరించే చేర్పులు), తర్వాత సూత్రపాఠంలో కలిసిపోయాయి. ఒక్క ప్రత్యయం తేడాతో గౌరవమూ తిట్టూ తారుమారవుతాయి కాబట్టి, సందర్భం చూడకుండా పేరు ఒక్కటే చూసి మనిషి వయసో హోదానో తేల్చడం కుదరదు.

పాణిని అన్న పేరు కూడా ఈ కోవలోదే. పణినుడి సంతతి పాణినుడు, అతని సంతతి పాణిని అని వ్యాఖ్యాతలు విడగొడతారు. అంటే వ్యాకరణానికి మూలపురుషుడి సొంత పేరనుకునేది కూడా వంశనామమే. పాణిని వ్యాకరణానికి పతంజలి రాసిన వ్యాఖ్య మహాభాష్యం ఆయన్ను దాక్షీపుత్రుడు అంటుంది: దక్ష వంశపు ఆడపడుచు కొడుకు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అనే శాతవాహన పేర్లు తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి కొత్తకాదు. అక్కడా తల్లి గోత్రమే పేరు ముందు నిలబడుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. తల్లి గోత్రాన్ని బట్టి తద్ధిత ప్రత్యయంతో కొడుకును పిలిస్తే అది నింద అని 4.1.147 సూత్రం. తండ్రి ఎవరో తెలియకే తల్లిపేరు చెప్పాల్సి వచ్చిందన్న ఎత్తిపొడుపు అందులో ఉందని పాణిని సూత్రాల వ్యాఖ్య కాశికావృత్తి వివరణ. గార్గి కొడుకును 'గార్గః' అంటే తిట్టు. దాక్షీపుత్రుడు, గౌతమీపుత్రుడు అని సమాసం చేసి 'పుత్ర' శబ్దం చేరిస్తే మాత్రం గౌరవం.

మరో పేరు శాలాతురీయుడు. శలాతురం ఊరివాడు, లేదా ఆ ఊరు పూర్వికులది. శలాతురం నుంచి ఈ రూపం ఎలా పుడుతుందో చెప్పే సూత్రం (4.3.94) పాణిని గ్రంథంలోనే ఉంది, తన బిరుదుకు తానే సూత్రం రాసుకున్నట్టయింది. ఏడో శతాబ్దంలో హ్యూయన్ త్సాంగ్ ఆ ఊరు చూసి, అక్కడ పాణిని విగ్రహం ఉందని రాశాడు. ఇప్పటి పాకిస్తాన్‌లో స్వాబీ జిల్లాలోని లాహోర్ అనే చిన్న ఊరు అదేనని అంటారు (పంజాబ్‌లోని లాహోర్ నగరం కాదు). ఊరిపేరు ఇంటిపేరు కావడం తెలుగువాళ్లకు చెప్పాల్సిన విషయం కాదు. మనకు కోలాచలం మల్లినాథుడు ఎలాగో వాళ్లకు శాలాతురీయుడు అలాగ.

గోత్రం మాత్రమే చెబితే మనుషులు కలిసిపోతారు. చారాయణుణ్ని చూడండి. కామసూత్రం మొదట్లో సాధారణాధికరణం (సాధారణ విషయాల భాగం) విడిగా రాసినవాడిగా చారాయణుడు కనిపిస్తాడు. అర్థశాస్త్రం ఐదో అధికరణంలో 'దీర్ఘ చారాయణుడు' వస్తాడు. పతంజలి ఉదాహరణల్లో చారాయణుడి శిష్యులు ఉన్నారు. ముగ్గురూ ఒకరేనా? గోత్రం ఒకటైనంత మాత్రాన కానవసరం లేదు. అందుకే ఒకాయన ముందు 'దీర్ఘ' చేరింది. ఊళ్లో నలుగురు రామయ్యలుంటే పొడుగు రామయ్య, బట్టతల రామయ్య పుట్టుకొచ్చినట్టే. ఘోటకముఖుడు, అంటే గుర్రం మొహంవాడు, కామసూత్రంలో కన్యావిషయం రాసిన ఆచార్యుడు. అర్థశాస్త్రంలోనూ ఘోటముఖుడు ఉన్నాడు. మొహం పోలిక చూసి పెట్టిన పేరు పుస్తకాల్లోకి ఎక్కి, ప్రమాణవచనమై కూర్చుంది.

ఇక అసలు గని పాణిని వ్యాకరణంలోని 'క్షేపం', 'కుత్సనం' సూత్రాలు. క్షేపమంటే ఎత్తిపొడవడం, కుత్సనమంటే నిందించడం. ఏ నింద ఏ సమాసంగా ఏర్పడుతుందో, స్వరం ఎక్కడ పడుతుందో విడిగా సూత్రాలు చెయ్యాల్సినంతగా విద్యాలోకంలో ఈ మాటలు వాడుకలో ఉండేవన్నమాట.

6.2.69 సూత్రం గోత్రనామానికో శిష్యవాచకానికో మాణవ, బ్రాహ్మణ శబ్దాలకో ముందు చేరిన నిందాపదం మొదటి అచ్చు మీద ఉదాత్తం (ఎత్తైన స్వరం) పడుతుందంటుంది. కాశిక ఇచ్చే ఉదాహరణలు: ఓదనపాణినీయులు, ఘృతరౌఢీయులు, కంబలచారాయణీయులు, కుమారీదాక్షులు. అన్నం దొరుకుతుందని పాణినీయంలో చేరినవాళ్లు మొదటివాళ్లు. నెయ్యి కోసం రౌఢి శిష్యులైనవాళ్లు రెండో రకం. కంబళ్లు ఇస్తారని చారాయణుడి దగ్గరికి పోయినవాళ్లు మూడో రకం. పిల్లల కోసం దాక్షి మతంలో చేరినవాళ్లు నాలుగో రకం; ఇక్కడ పిల్లలంటే ఆడపిల్లలు. కూటికోసం కోటి విద్యలన్న సామెత సంస్కృత పాఠశాలల్లో ఇలా సమాసరూపంలో తిరిగింది. ఏ పాఠశాలలో వసతి ఎలా ఉండేదో కూడా పరోక్షంగా తెలుస్తుంది: ఒకచోట అన్నం, ఒకచోట నెయ్యి, ఒకచోట దుప్పటి.

పతంజలి ఈ మాటలను నవ్వించడానికి ఎత్తుకోలేదు. ఆయనకు సాంకేతికమైన పని పడింది. పదంలో మొదటి అచ్చు ఆ, ఐ, ఔ లలో ఒకటైతే ఆ పదానికి 'వృద్ధం' అని పేరు (1.1.73), అలాంటి పదానికే 'ఈయ' అయ్యే ప్రత్యయం వస్తుంది. పాణిని శబ్దంలో మొదటి అచ్చు 'ఆ' కాబట్టి పాణినీయుడు సులువుగా వస్తాడు. ముందు 'ఓదన' చేర్చగానే మొదటి అచ్చు 'ఓ' అయిపోయి నియమం తెగిపోతుంది. 'ఘృత'లో 'ఋ', 'కంబల'లో 'అ' వచ్చి అదే చిక్కు. కాబట్టి చివర గోత్రపదం ఉన్న సమాసానికి ప్రత్యేక వెసులుబాటు కావాల్సి వచ్చింది. వెక్కిరింత పేర్లు రెండువేల ఏళ్లకు పైగా బతకడానికి కారణం వాటి పస కాదు, ఈ ప్రత్యయం చిక్కు. మొదటి అచ్చు వృద్ధి అయ్యే వెక్కిరింతలు ఎన్ని ఉన్నా ఈ చర్చలో వాటి అవసరం రాలేదు.

2.1.53 సూత్రం (కుత్సితాని కుత్సనైః) ఇంకా పదునైనది. మామూలుగా విశేషణం ముందు, విశేష్యం వెనక వస్తాయి. నిందలో వరస మారి, నిందకు గురయ్యేవాడు ముందు, నింద వెనక వస్తాయి. ఉదాహరణ 'వైయాకరణఖసూచి'. ఖం అంటే ఆకాశం. ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మరిపించడానికి ఆకాశంకేసి చూపే వ్యాకరణ పండితుడు. చదివాడు గాని సమయానికి స్ఫురించదు. 'యాజ్ఞికకితవుడు' యజ్ఞార్హత లేనివాళ్లచేత కూడా యజ్ఞాలు చేయించాలని ఆశపడే ఋత్విజుడు. 'మీమాంసకదుర్దురూఢుడు' నాస్తికుడైన మీమాంసకుడు. ఈ సమాసానికి ఒక షరతు ఉంది: ఏ విద్యను బట్టి ఆ పేరు వచ్చిందో ఆ విద్యలోనే లోపం ఉండాలి. దొంగతనం చేసిన వ్యాకరణ పండితుణ్ని 'వైయాకరణశ్చౌరః' అని రెండు మాటల్లో చెప్పాల్సిందే, సమాసం కుదరదు. దొంగతనం వల్ల అతని వ్యాకరణానికి వచ్చిన మచ్చ ఏమీ లేదు కదా! తిట్టడంలో ఇంత లెక్క పాటించిన వ్యాకరణం మరొకటి ఉంటుందా అనిపిస్తుంది.

శిష్యుల మీద పేర్లకు కొదవలేదు. రేవులో వాలిన కాకి ఎక్కువసేపు ఉండదు, అలాగే గురుకులం మార్చి గురుకులం తిరిగేవాడు తీర్థకాకం, తీర్థధ్వాంక్షం (2.1.42). చదువు ముగించి, స్నాతకుడై, గురువు అనుమతి పొందాకే మంచమెక్కాలి, అంతకుముందే ఎక్కినవాడు ఖట్వారూఢుడు (2.1.26). మంచమెక్కడమంటే గృహస్థాశ్రమమని ఊహించుకోవచ్చు. ఈ సమాసం నిత్యం, అంటే విడగొట్టి 'ఖట్వామ్ ఆరూఢః' అంటే తిట్టు పోయి, మంచమెక్కాడన్న మామూలు కబురు మిగులుతుంది. 2.1.48లోని పాత్రేసమితాది గణంలో (పదాల పట్టికలో) వడ్డించినప్పుడే హాజరయ్యే పాత్రేసమితుడు (తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు), ఇంట్లోనే వీరుడైన గేహేశూరుడు (ఇంట్లో పులి, వీధిలో పిల్లి), గొడ్లపాకలో మాత్రమే పండితుడైన గోష్ఠేపండితుడు ఉన్నారు. మనం ఇప్పటికీ వాడే కూపమండూకం ఈ గణంలోదే. మేడిపండు పురుగులాంటి ఉదుంబరమశకం ఎందుకో తెలుగులోకి దిగలేదు.

వ్యాకరణం పట్టిన పేర్లకు అర్థం నిలిచింది. ఆ రక్షణ లేని పేర్లకు కథలు మొలిచాయి. కణాదుడి సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. వైశేషిక దర్శనకర్త పరమాణువుల గురించి చెప్పాడు కాబట్టి 'కణాలను తినేవాడు' అనే పేరొచ్చిందని ఈనాడు పాఠ్యపుస్తకాల స్థాయిలో ప్రచారం. పాత సాక్ష్యం మరోలా ఉంది. 991 ప్రాంతంలో వైశేషిక వ్యాఖ్య న్యాయకందళి రాసిన శ్రీధరుడు, వీధుల్లో రాలిన బియ్యపు గింజలు ఏరుకుని తింటూ పావురంలా బతికినందుకు ఆ పేరు వచ్చిందంటాడు. పనిలేకపోతే నూకలు తినమని అక్కడక్కడ ప్రతివాదులు ఆయన్ను దెప్పిన మాట కూడా ఉదహరిస్తాడు. అంతకు మూడు శతాబ్దాల ముందే, హ్యూయన్ త్సాంగ్ శిష్యుడు కుయ్‌జీ చైనా భాషలో ఈయన్ను బియ్యపు గింజలు తినే ఋషి అనే రాశాడు. పగలు దాక్కుని రాత్రిళ్లు తిరుగుతుంటే ఆడవాళ్లు జడుసుకునేవారట; చివరికి దంచేచోట పడిన నూకలు ఏరుకునేవాడట. రాత్రి సంచారం నుంచే ఉలూకుడు, అంటే గుడ్లగూబ, అనే పేరు. మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం వైశేషికాన్ని ఔలూక్యదర్శనమనే పిలుస్తుంది. రెండు దేశాల సాక్ష్యమూ గింజల వైపే ఉంది. అంతకన్నా గట్టి ఆధారం శాస్త్రపరిభాష: వైశేషికంలో పరమాణువుకు వాడే మాటలు అణువు, పరమాణువు. 'కణం' అక్కడ పారిభాషిక పదం కాదు. ఆధునిక తెలుగులో కణం శాస్త్రపదమయ్యాక పాత పేరుకు కొత్త అర్థం గట్టిగా అతుక్కుని ఉండొచ్చు.

న్యాయసూత్రకర్త అక్షపాదుడికి పాదాల్లో కళ్లున్నాయని కథ. ఆలోచనలో పడి నడుస్తూ బావిలో పడితే దేవుడు పాదాలకు కళ్లిచ్చాడని ఒకటి. తన మతాన్ని ఖండించిన వ్యాసుడి మొహం ఈ కళ్లతో చూడనని ప్రతిన పట్టి, తర్వాత మెత్తబడి పాదాల్లో కళ్లు తెచ్చుకుని చూశాడని ఇంకొకటి. ఒకే పేరుకు పొంతనలేని రెండు కథలుంటే రెండూ పేరులోంచే పుట్టాయని అనుమానించాలి. చూపు పాదాల మీదే నిలిపి నడిచేవాడన్న అర్థం చాలు. గౌడపాదులు, ప్రశస్తపాదుడు అన్నట్టు 'పాద' శబ్దం పూజ్యార్థకం కావడానికీ వీలుంది. అప్పుడు కళ్ల గొడవే లేదు.

నాగార్జునుడి శిష్యుడు ఆర్యదేవుడు చైనా గ్రంథాల్లో కాణదేవుడు, ఒంటికన్ను దేవుడు. కన్ను ఇచ్చేశాడన్న కథ ఉంది; ఎవరికి, ఎందుకు ఇచ్చాడన్నది చైనాలో ఒకలా, టిబెట్‌లో మరోలా ఉంటుంది. ఒంటికన్ను నిజమై ఉండొచ్చు, కారణం మాత్రం తర్వాత కట్టిందే. మీమాంసకుడు ప్రభాకరుడికి 'గురువు' అనే పేరు ఎలా వచ్చిందో చెప్పే కథ మాత్రం పండితులకు తగ్గట్టుగా ఉంటుంది. 'అత్ర తునోక్తం తత్రాపినోక్తమితి పౌనరుక్త్యమ్' అన్న వాక్యం దగ్గర కుమారిలుడు ఆగిపోయాడట: ఇక్కడా చెప్పలేదు, అక్కడా చెప్పలేదు, మరి పునరుక్తి ఎలా? శిష్యుడు ప్రభాకరుడు దాన్ని 'తునా ఉక్తం, అపినా ఉక్తం' అని విరిచాడు: ఇక్కడ 'తు' శబ్దంతో చెప్పారు, అక్కడ 'అపి' శబ్దంతో చెప్పారు. దాంతో కుమారిలుడే శిష్యుణ్ని గురువన్నాడు. పదవిభాగం మహా బాగుంది. కానీ ప్రభాకరుడు కుమారిలుడి శిష్యుడన్న మాట మీదే పరిశోధకులకు సందేహం ఉంది.

కథ పుడితే పెద్ద నష్టం లేదు, నవ్వుకుని వదిలెయ్యొచ్చు. మనుషులు కలిసిపోతేనే చరిత్ర చెడుతుంది. పన్నెండో శతాబ్దపు హేమచంద్రుడి నిఘంటువు అభిధానచింతామణి ఒకే మనిషికి ఎనిమిది పేర్లు చెబుతుంది: వాత్స్యాయనుడు, మల్లనాగుడు, కౌటిల్యుడు, చణకాత్మజుడు, ద్రామిలుడు, పక్షిలస్వామి, విష్ణుగుప్తుడు, అంగులుడు. కామసూత్రకర్త మల్లనాగుడు, న్యాయభాష్యకర్త పక్షిలస్వామి, అర్థశాస్త్రకర్త విష్ణుగుప్తుడు ఒక్కరైపోయారు. పొరపాటు జరిగిన చోటు స్పష్టం: మొదటి ఇద్దరిదీ వాత్స్యాయన నామమే. గోత్రాన్ని సొంత పేరనుకుంటే జరిగేది ఇదే.

గోనర్దీయుడు, గోణికాపుత్రుడు అన్న రెండు పేర్లదీ ఇదే గతి. మహాభాష్యంలో వీళ్ల అభిప్రాయాలు ఉదహరించి ఉంటే, ఇవి పతంజలి మారుపేర్లేనని తర్వాతి వ్యాఖ్యాతలు తీర్మానించారు. గోనర్దీయుడి విషయంలో కైయటుడు, గోణికాపుత్రుడి విషయంలో నాగేశుడు. పతంజలి ఊరు గోనర్దమనీ, తల్లి గోణిక అనీ జీవితచరిత్రలు మొదలయ్యాయి. కామసూత్రంలో మాత్రం గోనర్దీయుడు భార్యాధికరణం, గోణికాపుత్రుడు పారదారికం (పరస్త్రీ విషయం) రాసిన ఇద్దరు వేరువేరు ఆచార్యులు. ఇద్దరూ ఒక పతంజలి అయ్యే వీలు అక్కడితో పోతుంది.

అందుకని ఇలాంటి పేరు ఎదురైతే పరిశీలించే వరస ఒకటుంది. ముందు రూపం విడగొట్టాలి: తద్ధితమా, తల్లిపేరా, ఊరా, సమాసమా. తద్ధితమైతే అది ఒక గుంపుకు చెందిన పేరు, దాంతో మనిషిని పట్టుకోలేం. తర్వాత ఆ పేరు మొదటిసారి ఏ గ్రంథంలో వచ్చిందో, ఆ మాట అన్నవాడు మిత్రుడో ప్రతివాదో చూడాలి. మూడోది, అదే గ్రంథంలో ఆ పేరూ అసలు పేరూ పక్కపక్కన వేరువేరు అభిప్రాయాలతో ఉన్నాయా అన్నది. కథను చివర చూడాలి, మొదట కాదు.

కౌటిల్యుడి పేరుకు ఈ వరస పెడితే తీర్పు అంత తేలిక కాదు. కుటిలబుద్ధి కాబట్టి కౌటిల్యుడని ముద్రారాక్షసం నాటకం సూచిస్తుంది. కానీ 'కౌటిల్యం' అంటే కుటిలత్వం, భావవాచకం. మనిషికి పేరుగా అతకదు. కుటల గోత్రం నుంచి వచ్చిన 'కౌటల్య' సరైన రూపమని అర్థశాస్త్రాన్ని పరిష్కరించిన గణపతిశాస్త్రి వాదించారు, కొన్ని ప్రతుల్లో ఆ పాఠం ఉంది కూడా. వ్యాకరణం దృష్ట్యా ఇదే మెరుగు. అయితే చాడీకోరు, శవదంతుడు, వాతరోగం అన్న పేర్ల వరసలో 'వంకరతనం' ఏమంత ఎబ్బెట్టుగా ఉండదన్న అనుమానం మాత్రం పూర్తిగా పోదు.

పేరు మారకపోయినా దాని విలువ మారిపోవడం ఇంకో రకం చిక్కు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడు తనను 'దేవానాంపియ' అని చెప్పుకున్నాడు, దేవతలకు ఇష్టుడని. పతంజలి కూడా ఆ మాటను మర్యాదగానే వాడాడు. సమాసంలో కూడా షష్ఠీ విభక్తి లోపించకుండా నిలిచే పదాల్లో దాన్ని ఒక వార్తికం లెక్కించింది. పదిహేడో శతాబ్దపు భట్టోజీ దీక్షితుల సిద్ధాంతకౌముదికి వచ్చేసరికి ఆ వార్తికం పక్కన 'మూర్ఖే' అని చేరింది: మూర్ఖుడనే అర్థంలోనే ఈ రూపం, తక్కిన చోట్ల 'దేవప్రియః'. మధ్యలో శంకరాచార్యుల బ్రహ్మసూత్రభాష్యంలో (1.2.8) ప్రతివాదిని ఉద్దేశించి 'ఈ దేవానాంప్రియుణ్ని అడగాలి' అన్న వాక్యం వస్తుంది. దాన్ని ఎర్రగుడి అర్థంతో చదివితే ఆయన ఎదుటివాణ్ని మెచ్చుకుంటున్నట్టు కనిపిస్తుంది.